బల్ల రోజున వచ్చిన నీళ్లు: విడిపోయిన ఒక విజయవాడ సంఘంతో ఎనిమిది నెలలు

నేను పాస్టర్ని కాను. గుంటూరులో ఒక ఆసుపత్రిలో కౌన్సిలర్‌గా చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నప్పుడే కొన్ని చర్చి సంఘాల వాళ్లు పిలిచి, "మా వాళ్ల మధ్య మాటల్లేవు, ఒకసారి వచ్చి కూర్చోండి" అనేవాళ్లు. ఇప్పుడు పూర్తిగా అదే పని. ఈ కేసు రాయడానికి కారణం ఒక్కటే. ఇందులో నేను దాదాపు రెండు నెలలు లేని జబ్బుకు మందు వేశాను.

సంఘం ఏ శాఖదో, మందిరం ఏ వీధిలో ఉందో చెప్పను. కొన్ని కుటుంబాల వివరాలు, కొన్ని అంకెలు మార్చాను. రాస్తానని రెండు వైపుల వాళ్లకూ చెప్పి, సరేనన్నాకే రాస్తున్నాను.

నేపథ్యం

మందిరం విజయవాడలో వరద రాని వైపు ఉంది. సుమారు 140 కుటుంబాలు. వాటిలో అరవై దాకా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాటాక వచ్చే పేటల్లో ఉంటాయి. "ఇవతలి వాళ్లు", "అవతలి వాళ్లు" అన్న మాటలు ఆ సంఘంలో ముందు నుంచీ ఉన్నవే. ఫ్లైఓవర్‌ని బట్టి వచ్చిన మాటలు, అందులో తప్పేముంది అనుకునేవాళ్లు. నేనూ ఇక్కడ వాటినే వాడతాను.

ఇవతలి వాళ్లలో బ్యాంకు, రైల్వే, స్కూలు ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్లు ఎక్కువ. అవతలి వాళ్లు ఎలక్ట్రీషియన్లు, ఆటో నడిపేవాళ్లు, టైలర్లు, ఆసుపత్రి ఆయాలు. కానుకల్లో పెద్ద భాగం ఇవతలి నుంచి వచ్చేది. మందిరం ఊడవడం, మైకు సెట్టు చూసుకోవడం, క్రిస్మస్ స్టార్ కట్టడం, ప్రేమవిందుకు (సంఘమంతా కలిసి తినే భోజనానికి) వండటం, ఎవరైనా పోతే రాత్రంతా శవం దగ్గర కూర్చోవడం అవతలి వాళ్ల వంతు. కమిటీలో తొమ్మిది మంది ఉంటే అవతలి నుంచి ఒక్కరు. ఇదేమిటని అప్పట్లో ఎవరూ అడగలేదు. ఒకళ్ల డబ్బు, ఒకళ్ల చేతులు, బండి నడుస్తోంది కదా అనుకున్నారు.

2024 ఆగస్టు 31 శనివారం కుండపోతగా కురిసింది. బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయి. తెల్లారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ వైపంతా నీళ్లు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. ఫ్లైఓవర్ దగ్గర పడవలు, పైన హెలికాప్టర్లు, ఆహారం జారవిడిచిన డ్రోన్లు, ఇవన్నీ టీవీలో చూసినవే, మళ్లీ చెప్పను. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. సెప్టెంబరు 1 ఆదివారం. నెలలో మొదటి ఆదివారం. ఆ సంఘంలో ప్రభువు బల్ల తీసుకునే రోజు, అంటే యేసు కడరాత్రి భోజనాన్ని తలుచుకుంటూ అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. ఈ సంగతి నాకు జనవరి దాకా తట్టలేదు.

నా దగ్గరకు ఎలా వచ్చింది

డిసెంబరు మొదటి వారంలో పాస్టర్ గారు ఫోన్ చేశారు. 38 కుటుంబాలు మందిరానికి రావడం మానేశాయి. అవతలే ఒకరి ఇంటి పైఅంతస్తులో, సరిగ్గా మందిరం ఆరాధన సమయానికే కూడుకుంటున్నాయి. "వాళ్లకు డబ్బు దగ్గర అనుమానం వచ్చింది సార్. లెక్కలు చూపించి, ఒక మాట చెప్పి కలిపేస్తే క్రిస్మస్ అందరం కలిసి చేసుకుంటాం" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. దక్షిణ భారతంలో సంఘాల ఐక్యత కోసం 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలైన మాటలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడేదాకా సాగాయి. ఇరవై ఎనిమిదేళ్లు. మా గుంటూరు లూథరన్లు అప్పటికీ అందులో చేరలేదు. ఈయనేమో ఇరవై రోజుల్లో తేల్చమంటున్నారు. అయినా ఒప్పుకున్నాను. అదీ నా పొరపాట్లలో ఒకటి.

గొడవ బయటపడ్డ రోజు సెప్టెంబరు మూడో శనివారం. సంఘం 6 లక్షల 40 వేలు పోగుచేసి సరుకుల కిట్లు, పరుపులు, స్టవ్‌లు కొంది. మందిరం హాల్లో టేబుళ్లు వేసి పంచారు. ఆధార్ జెరాక్స్ తెచ్చినవాళ్లకు టోకెన్, టోకెన్ చూపిస్తే కిట్టు, కిట్టు అందుకుంటుంటే ఫోటో. ముందు వారం బయటివాళ్లు కొందరు రెండేసి సార్లు తీసుకెళ్లారని జెరాక్స్ పెట్టారు. చందాలిచ్చిన ఆఫీసుల వాళ్లకు చూపించాలని ఫోటోలు తీశారు. ట్రెజరర్ బ్యాంకులో రిటైరైన మనిషి, ఒక్క రూపాయి అటూ ఇటూ పోనివ్వరు. ఆయన పెట్టిన పద్ధతిలో దురుద్దేశం లేదు.

ఆ లైన్లో పదకొండేళ్లుగా సండే స్కూల్ చెబుతున్న ఒక అమ్మ కూడా నిలబడింది. టేబుల్ వెనక ఆమె దగ్గర వాక్యాలు కంఠస్థం చేసిన కుర్రాడు కూర్చున్నాడు. వాడు తల ఎత్తకుండానే, "మీ పేరు లిస్టులో లేదండీ, పక్కకు నిలబడండి" అన్నాడు. ఆమె ఒక నిమిషం నిలబడి, ఉత్త చేతులతో వెళ్లిపోయింది. అక్టోబరు మొదటి ఆదివారం అవతలి వాళ్లలో చాలామంది బల్ల దగ్గరకు రాలేదు. నవంబరుకి మందిరానికే రాలేదు.

మొదట అనుకున్నది

నా ముందు మూడు అనుమానాలున్నాయి. డబ్బు, అవమానం, కులం. మూడోదాని గురించి ముందే చెబుతాను. మన వైపు సంఘంలో చీలిక వస్తే, మాల మాదిగ గీత ఎక్కడ పోతోందో చూడని మధ్యవర్తి అమాయకుడైనా అయ్యుండాలి, చూడటం ఇష్టంలేనివాడైనా అయ్యుండాలి. ఇద్దరు పెద్దమనుషుల్ని విడిగా కూర్చోబెట్టి అడిగాను. ఇక్కడ ఆ గీత ఫ్లైఓవర్ మీదుగా పోవట్లేదు, రెండు వైపులా రెండూ ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టాను.

డబ్బు విషయంలో పుకారు ఉంది. ఖర్చు పోగా 1 లక్ష 85 వేలు మిగిలాయని, వాటితో మందిరానికి ఏసీలు పెట్టిస్తున్నారని. నిజానికి ఆ మొత్తం బ్యాంకులో అలాగే ఉంది. పుకారు అబద్ధమని నిరూపించడం తేలిక కాబట్టి దాన్నే ముందు పట్టుకున్నాను. మందు చేతిలో సిద్ధంగా ఉంటే జబ్బు కూడా అదే అనిపిస్తుంది కదా.

పనిచేయనివి

డిసెంబరు 14న ఉమ్మడి సమావేశం పెట్టించాను. మందిరం హాల్లోనే. టేబుళ్లు కూడా అవే, మూడు నెలల కింద కిట్లు పెట్టినవే. ఇది నాకు తట్టకపోవడం సిగ్గుగా ఉంది. అవతలి వాళ్లు లోపలికి వచ్చి, కుర్చీల్లో కూర్చోకుండా గోడ వారన నిలబడ్డారు. ట్రెజరర్ గారు లెక్క చదివారు. ప్రతి బిల్లూ చదివారు. పరుపుల రేటు దగ్గరకు వచ్చేసరికి ఒక ఎలక్ట్రీషియన్ బ్రదర్ చేయెత్తి, "అయ్యగారూ, మేం లెక్క అడగలేదండీ" అన్నాడు.

"మరి ఏం అడుగుతున్నారు?" అన్నారు పాస్టర్ గారు.

అతను సమాధానం చెప్పలేదు. నలభై నిమిషాల్లో అంతా అయిపోయింది. ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉండాల్సింది. సభలో అడిగితే రాని జవాబు ఇంట్లో అడిగితే వస్తుందని ఆసుపత్రిలో నేర్చుకున్నదాన్నే మర్చిపోయాను.

తర్వాతి ఆదివారం పాస్టర్ గారు ఐక్యత మీద ప్రసంగించారు. అపొస్తలుడు పౌలు కొరింథు పట్టణంలోని సంఘానికి రాసిన మొదటి పత్రిక, పన్నెండో అధ్యాయం: ఒక శరీరం, అనేక అవయవాలు. వీడియో అవతలి వాళ్లకూ వెళ్లింది. నాలుగు రోజుల తర్వాత ఒక ఆటో బ్రదర్ నాతో అన్న మాట: "కాళ్లు కాళ్లలా ఉంటే శరీరం బాగుంటుందని చెప్పారు సార్. అర్థమైంది."

ఆయన తప్పుగా విన్నారని మొదట అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆ పోలికకు పౌలు కన్నా ముందే అలాంటి వాడుక ఉంది. రోమా చరిత్రలో క్రీ.పూ. 494 నాటిదని చెప్పే కథ ఒకటుంది. అప్పులతో, పెత్తనంతో విసిగిన సామాన్య జనం ఊరు వదిలి కొండ మీదికి వెళ్లిపోతే, మెనీనియస్ అగ్రిప్ప అనే పెద్దమనిషి వెళ్లి, చేతులూ నోరూ కలిసి కడుపు మీద అలిగితే ఒళ్లంతా చిక్కిపోయిందని కథ చెప్పి వాళ్లను వెనక్కి తెచ్చాడట. అంటే పైవాళ్లు కిందివాళ్లతో, "మీ చోట మీరు ఉండండి" అని చెప్పడానికి వాడిన కథ. పౌలు దాన్ని తిరగేశాడు. ఆయన పత్రికలో చెయ్యి కంటి మీద అలగదు. కన్నే చేతితో "నీవు నాకక్కరలేదు" అనకూడదు, తల పాదాలతో అనకూడదు. మందలింపు పైనున్న అవయవాలకు. మా పాస్టర్ గారి ప్రసంగంలో అది మళ్లీ మొదటి వైపుకే తిరిగిపోయింది. ఆయన కావాలని చేయలేదు. వెళ్లిపోయినవాళ్లను పిలుస్తున్నప్పుడు మాట దానంతటదే అటు వాలుతుంది.

మూడోది డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరానికి ముందు జరిగే వాచ్‌నైట్ ఆరాధనలో పాస్టర్ గారి క్షమాపణ. "సంఘం తరఫున ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించండి" అన్నారు. ఆ "ఉంటే" అన్న రెండక్షరాలు అంతా పాడుచేశాయి. నొప్పించామో లేదో ఇంకా తేలలేదన్నట్టుంది.

ఇళ్లకు వెళ్లడం

జనవరిలో పద్ధతి మార్చాను. ఎవర్నీ ఎక్కడికీ పిలవలేదు. అవతల 22 ఇళ్లకు, ఇవతల 15 ఇళ్లకు నేనే వెళ్లాను. వాదన పెట్టుకోలేదు. అవతల అడిగింది ఒక్కటే ప్రశ్న: "నీళ్లొచ్చిన రోజు మీరెక్కడున్నారు?" టోకెన్ల సంగతి నేను ఎత్తలేదు, ఎందుకంటే దాని మీద ఇరువైపులా జవాబులు అప్పటికే గట్టిపడిపోయాయి. గట్టిపడని చోటు నుంచి మొదలుపెట్టాలి.

ఐదో ఇంట్లో తెలిసింది. ఆ ఇంటి గోడకు మనిషి నడుం ఎత్తులో బురద గీత ఇంకా ఉంది. ఆ ఆదివారం ఉదయం పదకొండు మంది డాబా మీద ఉన్నారు. కరెంటు లేదు. ఒక్క ఫోన్లో కొంచెం ఛార్జింగ్ మిగిలింది. ఎవరైనా పడవ గురించి చెబుతారేమోనని సంఘం గ్రూప్ తెరిచారు. అందులో మందిరం ఫోటో వచ్చింది. బల్ల మీద తెల్లటి గుడ్డ, రొట్టె, గిన్నె. కింద, "వర్షంలోనూ ఆరాధనకు నడిపించిన దేవునికి స్తోత్రం."

"మా బెంచీలు ఖాళీగా కనబడుతున్నాయి సార్ ఆ ఫోటోలో" అంది ఆ ఇంటి కోడలు. "మేం ఎందుకు రాలేదని ఒక్కరూ అడగలేదు. మేం డాబా మీద ఉంటే వాళ్లు బల్ల తీసుకున్నారు."

తర్వాత ఎక్కడికెళ్లినా అదే ఫోటో. కొందరు స్వయంగా చూశారు, కొందరు విన్నారు. టోకెన్ల లైను ఆ గాయం మీద పడ్డ రెండో దెబ్బ. నేనూ పాస్టర్ గారూ రెండో దెబ్బకే కట్టు కడుతూ వచ్చాం.

ఇవతలి వాళ్లకు న్యాయం చేయాలంటే ఇది కూడా చెప్పాలి. ఆ ఉదయం చాలామందికి పరిస్థితి ఇంత ఘోరమని తెలియదు. వాన కదా, రాలేదేమో అనుకున్నారు. మధ్యాహ్నానికి తెలిశాక ఒక డాక్టర్ గారు మోకాళ్ల లోతు నీళ్లలో మందుల సంచీతో ఫ్లైఓవర్ దిగారు. ఇద్దరు కుర్రాళ్లు మూడు రోజులు పాల ప్యాకెట్లు మోశారు. అవతల ఇది చెబితే, "అవునా?" అన్నారు. ఎవరి కష్టం ఎవరికీ కనబడలేదు.

కొరింథులో కూడా గొడవ బల్ల దగ్గరే. కలవాళ్లు ముందే కూర్చుని తినేస్తున్నారు, పనుల నుంచి ఆలస్యంగా వచ్చే లేనివాళ్లు ఆకలితో ఉంటున్నారు. పౌలు చివరికి చెప్పింది చాలా చిన్న మాట, ఒకరి కోసం ఒకరు ఆగండి అని. నలభై ఏళ్లుగా చదువుతున్న వాక్యం. ఆ డాబా ఎక్కి చూసేదాకా అది సమయం గురించి చెప్పిన మాట అని నాకు తోచలేదు.

"మాకేమీ అవసరం లేదండీ"

ఇవతల ఇళ్లలో నేను అడిగిన ప్రశ్న వేరు: "వాళ్ల నుంచి మీకేం కావాలి?" పదిహేను ఇళ్లలో పద్నాలుగు చోట్ల దాదాపు ఒకే జవాబు. "మాకేమీ అవసరం లేదండీ. వాళ్లు వస్తే చాలు." ప్రేమగానే అన్నారు. టీ ఇస్తూ అన్నారు. ఏడో ఇంట్లో విన్నప్పుడు నా కప్పు చేతిలో ఆగిపోయింది. కన్ను చేతితో అనకూడదన్న మాట సరిగ్గా ఇదే. కోపంగా అంటేనే అది ఆ మాట అవుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

పదిహేనో ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ మాత్రం, "ఎందుకు అక్కర్లేదయ్యా" అంది. "నెలనెలా కంటికి ఇంజెక్షన్ వేయించుకోవాలి. అవతలి ఆయా పిల్ల వచ్చి తీసుకెళ్లేది. నాలుగు నెలలుగా రావట్లేదు. నేనూ వెళ్లట్లేదు."

నా నిర్ణయం అక్కడ కుదిరింది. ఈ సంఘంలో ఇచ్చే గుణానికి కొదవ లేదు. ఒక వైపు వాళ్లకు అవసరాలున్నాయన్న సంగతి ఎవరికీ తెలియదు, వాళ్లకే ఒప్పుకోవడం రాదు. ఎప్పుడూ ఇచ్చేవాళ్లుగా ఉండటం ఒక ఎత్తైన కుర్చీ. యెరూషలేము పేదల కోసం చందా అడుగుతూ పౌలు కొరింథు వాళ్లకు, ఇప్పుడు మీ సమృద్ధి వాళ్ల అక్కరకు, మరోసారి వాళ్ల సమృద్ధి మీ అక్కరకు అని రాశాడు. చందాల రోజున మనం సగమే చదువుతాం.

పనిచేసినవి

మొదట పాస్టర్ గారి క్షమాపణ మళ్లీ చెప్పించాలి. ఈసారి మందిరంలో కాదు, ఆ పైఅంతస్తు గదిలో. ఆయన వెనకాడారు. ఆ గదిలో అడుగుపెడితే వేరు కూడికకు ఒప్పుకున్నట్టవుతుందని కమిటీలో ఇద్దరి అభ్యంతరం. అది తీసిపారేయాల్సిన భయం కాదు. వారం మధ్యలో, కూడిక లేని రోజు వెళ్దామన్నాను. ఫిబ్రవరిలో ఒక గురువారం సాయంత్రం వెళ్లాం.

ఆయన చేతిలో కాగితం లేదు. "ఆ ఆదివారం సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి. వాన అనుకున్నాను. ఆరాధన ఆపి ఒక్క ఫోన్ చేయాల్సింది. చేయలేదు. ఆ ఫోటో పెట్టమన్నదీ నేనే" అన్నారు. "ఉంటే" లేదు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక నుంచి ఒక అమ్మ, "అయ్యగారూ, భోంచేసి వెళ్తారా?" అంది. ఆయనకు ఏడున్నరకు ఇంకో ఇంట్లో ప్రార్థన ఉంది. నా వైపు చూశారు. నేను చాప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాను. ఆయన ఫోన్ చేసి ఆ ప్రార్థన మర్నాటికి మార్చుకున్నారు. చారు, గుడ్డు కూర. ఆ ఇంట్లో ఆయన అన్నం తినడం అదే మొదటిసారి అని తర్వాత తెలిసింది. అంతకుముందు ఎప్పుడొచ్చినా కూల్‌డ్రింక్ తాగి వెళ్లేవారట.

రెండోది డబ్బు. బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో గ్రీకు మాట్లాడే యూదులు, అనుదిన పరిచర్యలో, అంటే రోజూ జరిగే పంపకంలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణిగారు. అప్పుడు ఏడుగురిని ఎన్నుకున్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకోరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. పేరును బట్టే మనిషి ఏ వైపో తేల్చలేం గానీ, నష్టపోయామన్న వైపు వాళ్ల చేతికే పంపకం వెళ్లిందని చాలామంది అర్థం చేసుకుంటారు. నాకూ అలాగే తోస్తుంది. నేను కమిటీకి చెప్పింది ఇదే. మిగిలిన 1 లక్ష 85 వేలు అవతలి వాళ్లు ఎన్నుకునే ముగ్గురి చేతిలో పెట్టండి. ఎవరికివ్వాలో వాళ్లే చూసుకుంటారు.

ట్రెజరర్ గారు ఒప్పుకోలేదు. సొసైటీ అకౌంటు, సంతకాలు, ఆడిట్ ఉన్నాయి. నెల పట్టింది. చివరికి చెక్కు మీద ఆయన సంతకం, ముగ్గురిలో ఒకరి సంతకం ఉండేలా కుదిరింది. నాకు ఇంకో భయం ఉండేది. డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకున్నట్టు ఉండకూడదు. అందుకే తిరిగి రావాలన్న షరతు ఎక్కడా పెట్టొద్దన్నాను. వాళ్లు రాలేదు కూడా. డబ్బు చేతికెళ్లాక ఆరు వారాలు ఒక్క కుటుంబమూ మందిరం గుమ్మం తొక్కలేదు. కమిటీలో నా మీద గుసగుసలు మొదలయ్యాయి. నాకూ టెన్షన్‌గానే ఉండేది.

ఆ ముగ్గురూ రాసుకున్న మొదటి పేరు చూసి అందరూ నోరు తెరిచారు. అది ఇవతలి పేరు. ఫ్లాట్‌లో ఉండే ఒక రెడీమేడ్ బట్టల వ్యాపారి. ఆయన షాపు అవతల ఉంది. దసరా కోసం అప్పు తెచ్చి దింపిన సరుకంతా బురదలో నానిపోయింది. ఇల్లు పొడిగానే ఉంది కాబట్టి సంఘంలో ఏ లిస్టులోనూ ఆయన పేరు రాలేదు. ఎవరికీ చెప్పుకోలేదు. ఆ శనివారం టేబుల్ వెనక నిలబడి కిట్లు పంచిన వాళ్లలో ఆయనా ఒకరు. ఆ షాపుకు వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ బ్రదర్‌కు మాత్రం షట్టర్ లోపల ఏం జరిగిందో తెలుసు. డిసెంబరు సభలో చేయెత్తినవాడే ఇతను.

ఆయన తీసుకోనన్నారు. "మాకేమీ అవసరం లేదు" అని అవే మాటలు. రెండు వారాలు అలాగే గడిచాయి. మూడోసారి ముగ్గురూ కవరు లేకుండా వెళ్లి, వంటింట్లో ఆయన భార్యతో మాట్లాడారు. ఆమె తీసుకుంది. ఇరవై వేలు. అప్పులో అది ఏ మూలకూ రాదు. కానీ మరుసటి ఆదివారం ఆయన మందిరానికి రాకుండా, ఫ్లైఓవర్ దాటి ఆ పైఅంతస్తుకు వెళ్లి వెనక చాప మీద కూర్చున్నారు. అక్కడి నుంచి రాకపోకలు మొదలయ్యాయి, ఇవతలి నుంచి అవతలికి. ఇలా జరుగుతుందని నేను అనుకోలేదు, దీని ఘనత నాది కాదు.

ఒక చిన్న ప్రయత్నం నవ్వులపాలైంది. ప్రతి ఒక్కరూ తమ అవసరం ఒకటి చీటీ మీద రాయాలని మార్చిలో స్త్రీల సమాజంలో పెట్టాం. ఇవతలి చీటీలన్నింటిలోనూ "ప్రార్థన" అనే ఉంది. అప్పుడు పాస్టర్ గారే లేచి, తనకు కంట్లో శుక్లం వచ్చిందని, రాత్రిపూట బండి నడపలేకపోతున్నానని, చెబితే పని నుంచి తప్పిస్తారేమోనని దాచానని చెప్పారు. ఆ తర్వాతి నెల తొమ్మిది నిజమైన అవసరాలు వచ్చాయి. ఆయా అమ్మాయి పెద్దావిడను మళ్లీ ఇంజెక్షన్‌కు తీసుకెళ్తోంది. ఇప్పుడు ఆటో ఖర్చు పెద్దావిడ ఇస్తోంది, మునుపు ఆ పిల్లే పెట్టుకునేదట.

ఏప్రిల్ 20న ఈస్టర్. మే మొదటి ఆదివారం బల్ల అవతల, ఆ ఇంటి డాబా మీదే జరిగింది. వంట ఇవతలి వాళ్లు చేస్తామన్నారు. వద్దని చెప్పించాను. ఆ రోజు వాళ్లు అతిథులు, తిని, ఆకు తీసి రావాలి.

ఎక్కడ ఆగింది

జూలై నాటికి 38 కుటుంబాల్లో 23 మందిరానికి తిరిగి వచ్చాయి. తొమ్మిది కుటుంబాలు పైఅంతస్తులోనే కూడుకుంటున్నాయి, మొదటి ఆదివారం మాత్రం బల్లకు వస్తాయి. ఆరు వేరే సంఘాలకు వెళ్లిపోయాయి. కమిటీలో ఇప్పుడు అవతలి వాళ్లు నలుగురు. సహాయం ఇళ్లకే తీసుకెళ్లి ఇస్తున్నారు, ఫోటోలు లేవు. జెరాక్స్ మాత్రం ఉంది, ట్రెజరర్ గారు దాన్ని వదల్లేదు. నేనూ పట్టుబట్టలేదు. తెలిసిన మనిషి ఇంటికొచ్చి అడిగితే జెరాక్స్ అవమానం కాదని అవతలి వాళ్లే అన్నారు.

సండే స్కూల్ అమ్మ వస్తోంది, కానీ క్లాసు తీసుకోవట్లేదు. ఆ కుర్రాడు ఒకరోజు ఆమె ఇంటికి వెళ్లాడు. ఏం చెప్పాడని అడిగాను. "ఏం చెప్పలేదు. కూర్చున్నాడు. ఇడ్లీ పెట్టాను, తిన్నాడు" అంది. మళ్లీ క్లాసు తీసుకోమని ఆమెను అడగొద్దని పాస్టర్ గారికి చెప్పాను. ఆమె తిరిగి రావడాన్ని మన విజయానికి రుజువుగా వాడుకోకూడదు.

మళ్లీ ఇలాంటి కేసు వస్తే మొదటి నెలంతా ఉమ్మడి సభ పెట్టను. కూర్చునే చోటును ముందు వెళ్లి చూస్తాను, టేబుళ్లతో సహా. పైకి కనబడే గొడవకు ముందు ఏ రోజు ఏం జరిగిందో తేదీలు వేసుకుని వెనక్కి వెళ్తాను. సెప్టెంబరు 1 ఏ వారమో క్యాలెండర్ తెరిచి చూసి ఉంటే నాకు రెండు నెలలు కలిసొచ్చేవి. పాస్టర్లకు పనిభారం ఎక్కువ, వాళ్లు సమస్యను చెప్పేటప్పుడే పరిష్కారం కూడా కలిపి చెబుతారు. ఆ రెండింటినీ విడదీసి వినాలి.

ఆ సంఘంలో ఒక కొత్త అలవాటు మిగిలింది. మొదటి ఆదివారం బల్ల దగ్గర గుడ్డ తీసేముందు, పేటల వారీగా ఎవరు రాలేదో ఇద్దరు చూసి, రానివాళ్లకు అక్కడికక్కడే ఫోన్ చేస్తారు. జ్వరమో, పెళ్లో, ఊరెళ్లారో తెలుసుకుని పాస్టర్ గారికి చీటీ ఇస్తారు. అప్పుడే రొట్టె విరుస్తారు. దీనివల్ల ఆరాధన పావుగంట ఆలస్యమవుతోంది. ఇవతల కొందరికి అది నచ్చట్లేదు. ఫోన్లేవో శనివారం రాత్రే చేసేసుకోవచ్చు కదా అని మొన్న కమిటీలో అడిగారట. మార్చలేదని ట్రెజరర్ గారు ఫోన్లో చెప్పారు. మార్చొద్దన్నది ఆయనేనట.